పది సబ్జెక్టులూ, ఒక నోటు పుస్తకమూ



పోయిన సంచికలో డిగ్రీ అయ్యాక పై చదువుల గురించి నాలుగు మాటలు రాశాను కదా. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే ప్రశ్న వేశాయి. ఒకటి హోసూరు నుంచి ఒక తండ్రి రాసింది, ఒకటి షోలాపూరు నుంచి ఒక అమ్మాయి రాసింది, మూడోది యానాం నుంచి ఒక తాతగారు వణుకుతున్న చేత్తో రాసింది. ముగ్గురూ అడిగింది ఇదీ: "కంప్యూటర్ సైన్సులో ఎం.టెక్. చెయ్యాలంటే గేట్ పరీక్ష రాయాలంటున్నారు. దానికి ఏయే సబ్జెక్టులు చదవాలి? ఏది ముందు, ఏది వెనక? ఏమైనా వదిలెయ్యవచ్చా?"

ఆ చివరి ముక్క చదివేసరికి నాకు గుండె కలుక్కుమంది. కొన్నేళ్ళ క్రితం ఇదే ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. పెద్దవాణ్ణి కదా అని నేను సమాధానం చెప్పాను. ఆ సమాధానం తప్పు. నా తప్పుకు ఒక ఆడపిల్లకు ఒక ఏడాది పోయింది. అందుకే ఈసారి సలహాతోపాటు ఆ కథ కూడా చెబుతాను. సలహా మరిచిపోయినా కథ గుర్తుంటుంది.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. సరిహద్దు మారింది గానీ మేము ఇల్లు మారలేదు. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నా మేనకోడలు ఇక్కడే పుట్టి, ఇంగ్లీషు మీడియంలో చదివి, రెండో భాషగా ఒడియా తీసుకుని, కంప్యూటర్ సైన్సులో బి.టెక్. పూర్తి చేసింది. పేరు రాయవద్దంది కనుక రాయను. వాళ్ళ నాన్న, అంటే మా బావ, పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తాడు. అమ్మాయి గేట్ రాస్తానన్నప్పుడు ఆయన ఒకే మాట అన్నాడు: "ఒక ఏడాది చూద్దాం. ఆ తరువాత సంబంధాలు చూస్తాను." టెక్కలి వైపు నుంచి ఒక సంబంధం అప్పటికే వచ్చి ఉంది.

మా బంధువుల్లో మిషన్లతో పని చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత అమ్మాయి సిలబసు కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"మావయ్యా, ఇన్ని ఉన్నాయి. ఏడాదిలో అన్నీ అవుతాయా? ఏమైనా వదిలెయ్యనా?"

నేను కళ్ళజోడు సవరించుకుని కాగితం చూశాను. పైన గణితం, తరువాత డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్గనైజేషన్, ప్రోగ్రామింగు - డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్ డిజైన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, నెట్‌వర్కులు. మొత్తం పది భాగాలు. వీటిలో డిజిటల్, నెట్‌వర్కులు ఎక్స్ఛేంజిలో నాకు పరిచయమైనవే. అందుకని అవి నాకు ముఖ్యంగా కనిపించాయి. పరిచయం లేనివి అనవసరంగా కనిపించాయి. మనిషి బుద్ధి అంతే కదా!

"అమ్మడూ, లెక్కలకు ఉన్నవి పదమూడు మార్కులే. పోతే పోనీ. థియరీ ఆఫ్ కంప్యుటేషన్ అన్నది ఉద్యోగంలో ఎవరికీ పనికిరాదు. కంపైలరు మనం తయారు చేయబోతామా? ఈ మూడూ పక్కన పెట్టు. ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, నెట్‌వర్కులు, డిజిటల్ గట్టిగా పట్టు" అన్నాను.

అమ్మాయి పెద్దల మాట కాదనే రకం కాదు. అలాగే చదివింది. ఫిబ్రవరిలో భువనేశ్వర్ వెళ్ళి పరీక్ష రాసింది. మార్చిలో ఫలితం వచ్చింది. అర్హత మార్కు దాటింది గానీ ఎక్కడా మంచి సీటు వచ్చే స్కోరు కాదు. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. మా బావ మాత్రం కాఫీ గ్లాసు కింద పెడుతూ, "మీరు చెప్పినట్టే చదివింది కదా బావగారూ" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అమ్మాయిని కూర్చోబెట్టి ప్రశ్నపత్రం, జవాబుల పట్టిక ముందు వేసుకున్నాం. గేట్ వారు రెండూ విడుదల చేస్తారు. మనం ఏ ప్రశ్నకు ఏం గుర్తించామో ఆ కాగితం కూడా ఇస్తారు. మూడూ పక్కపక్కన పెట్టుకుని పోయిన ప్రతి మార్కు పక్కనా ఎందుకు పోయిందో ఎర్ర పెన్సిలుతో రాశాం.

ఈ చోట పరీక్ష స్వరూపం కాస్త చెప్పాలి. మూడు గంటల సమయం, అరవై అయిదు ప్రశ్నలు, నూరు మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, గణితానికి 13, మిగిలిన సబ్జెక్టులన్నింటికీ కలిపి 72. ప్రశ్నలు మూడు రకాలు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునేవి మొదటి రకం. వీటిలో తప్పు రాస్తే ఒక మార్కు ప్రశ్నకు మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు కోస్తారు. ఒకటికి మించి సరైన జవాబులు ఉండగలవి రెండో రకం. ఇవి 2021 నుంచి వచ్చాయి. అంకె మనమే వేయవలసినవి మూడో రకం. ఈ రెండు రకాలకూ కోత లేదు. పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలి. కాలిక్యులేటరు తీసుకుపోనివ్వరు, తెర మీదే ఒకటి కనిపిస్తుంది.

ఎర్ర పెన్సిలు గీతలు పూర్తయ్యేసరికి నా తప్పు నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. పోయిన మార్కుల్లో ఎక్కువ భాగం నేను వదిలెయ్యమన్న మూడు చోట్లే. అది నేను ఊహించిందే. కానీ నేను ఊహించనిది ఇంకొకటి ఉంది. గట్టిగా చదివిన ఆపరేటింగ్ సిస్టమ్స్‌లోనూ, డేటాబేసుల్లోనూ కూడా కొన్ని ప్రశ్నలు తప్పాయి. ఎందుకు తప్పాయని వెదికితే కారణం మళ్ళీ నేను వదిలెయ్యమన్న లెక్కల్లోనే తేలింది!

ఒక్క ఉదాహరణ చెబుతాను. గ్రాఫ్ అనే మాట ఉంది. అంటే బడిలో గీసిన వంకర గీత కాదు. కొన్ని చుక్కలు, వాటిని కలిపే కొన్ని గీతలు. బరంపురం, ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లు చుక్కలు అనుకుంటే మధ్యనున్న రైలు పట్టాలు గీతలు. దీన్ని నేర్పేది గణితంలోని డిస్క్రీట్ మ్యాథమేటిక్స్. ఆల్గారిథమ్స్‌లోకి వెళితే, ఈ చుక్కల మధ్య దగ్గరి దారి కనుక్కోవడం ఎలా అని అడుగుతారు. నెట్‌వర్కుల్లో రూటర్లు సమాచారాన్ని ఏ దారిన పంపాలో లెక్క వేసుకునే ఒక పద్ధతి అదే దగ్గరి దారి లెక్క. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఒక ప్రోగ్రాము కోసం ఇంకొకటి ఎదురు చూసే బొమ్మ కూడా గ్రాఫే. అందులో గీతల వెంట పోతే మొదలుపెట్టిన చోటికే తిరిగి వస్తున్నామా అని చూస్తారు. డేటాబేసుల్లో రెండు లావాదేవీలు కలగలిసి జరిగినప్పుడు ఫలితం సరైనదేనా అని తేల్చేదీ అలాంటి చుట్టు ఉందా లేదా అన్న పరీక్షే. కంపైలరులో ప్రోగ్రాము ఏయే దారుల్లో నడవగలదో చూపే బొమ్మ కూడా అదే.

అంటే ఒక్క గ్రాఫ్ వదిలేస్తే ఆరు సబ్జెక్టుల్లో కాలు కుంటిదవుతుంది. నేను పదమూడు మార్కులే కదా అనుకుని పునాది రాయి లాగేశాను.

"మావయ్యా, ఇంకొక్క ఏడు" అంది అమ్మాయి. బావ దగ్గరికి నేనే వెళ్ళాను. తప్పు నాది కనుక అడిగే పూచీ కూడా నాదే. గేట్ స్కోరు ఫలితం వచ్చిన నాటి నుంచి మూడేళ్ళు చెల్లుతుందనీ, ఈసారి తనతోపాటు నేనూ కూర్చుని చదువుతాననీ చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "టెక్కలి వాళ్ళకు నేను ఏదో చెబుతాను లెండి" అన్నాడు. ఆ సంబంధం తరువాత వేరే చోట కుదిరిపోయింది.

అలా అరవై ఆరో ఏట నేను డిస్క్రీట్ మ్యాథమేటిక్స్ మొదలుపెట్టాను. ఈసారి ఏ సబ్జెక్టుకు ఎన్ని మార్కులు అన్న లెక్క మానేశాం. ఏది ఏ దాని మీద నిలబడి ఉంది అన్న వరస పట్టుకున్నాం. ఆ వరస మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట, మే నుంచి జులై దాకా, రెండే రెండు. ఉదయం డిస్క్రీట్ మ్యాథమేటిక్స్: తర్కం, సమితులు, సంబంధాలు, లెక్కించే పద్ధతులు, గ్రాఫులు. సాయంత్రం సి భాషలో ప్రోగ్రామింగు, డేటా స్ట్రక్చర్లు. సి ప్రోగ్రాము చదవడం వేరు, కాగితం మీద చేత్తో నడిపించి ఏ అంకె వస్తుందో చెప్పడం వేరు. పరీక్షలో అడిగేది రెండోది. పాయింటర్లు, రికర్షను రోజుకు రెండు మూడు లెక్కలైనా చేతితో చెయ్యాలి.

తరువాత ఆగస్టు, సెప్టెంబరు. ఆల్గారిథమ్స్, థియరీ ఆఫ్ కంప్యుటేషన్, డిజిటల్ లాజిక్. ఈ మూడూ కలిపి చదవడానికి కారణం ఉంది. థియరీలో వచ్చే ఫైనైట్ ఆటోమేటన్, డిజిటల్‌లో వచ్చే సీక్వెన్షియల్ సర్క్యూటు అన్నదమ్ముల్లాంటివి. రెండూ "ఇప్పుడు నేను ఏ స్థితిలో ఉన్నాను, ఇది వస్తే ఏ స్థితికి పోతాను" అన్న ప్రశ్న మీదే నడుస్తాయి. ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు నేను చూసింది అదే: రిసీవరు ఎత్తితే ఒక స్థితి, నంబరు తిప్పితే ఇంకొకటి, అవతలివాళ్ళు ఎత్తితే మరొకటి. ఎవరికీ పనికిరాదన్న సబ్జెక్టుతోనే నేను జీతం తిన్నానని అప్పుడు తెలిసింది!

అక్టోబరులో కంప్యూటర్ ఆర్గనైజేషన్, కంపైలర్ డిజైన్. ఆటోమేటా వచ్చాక కంపైలరు భయపెట్టదు. ప్రోగ్రాములోని మాటలను విడదీసే మొదటి మెట్టు ఆ ఆటోమేటాతోనే కట్టేది. వాక్యాన్ని పరీక్షించే రెండో మెట్టుకు స్టాక్ కావాలి. స్టాక్ అంటే వంటింట్లో బోర్లించిన కంచాల దొంతర. చివర పెట్టిందే ముందు తీస్తాం. ఇదే స్టాకు రికర్షనులోనూ ఉంది, ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచేటప్పుడూ ఉంది.

నవంబరులో ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు, నెట్‌వర్కులు. మొదటి ఏడాది ఎనిమిది నెలలు పట్టిన ఈ మూడూ ఈసారి ఆ ఒక్క నెలలోనే తేలాయి. ఒకసారి చదివినవి కావడం కొంత కారణం. కింద పునాది ఉండడం అసలు కారణం.

లీనియర్ ఆల్జీబ్రా, కాల్క్యులస్, ప్రాబబిలిటీలను వారానికి రెండు రోజుల చొప్పున ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా చేశాం. ఆప్టిట్యూడ్‌కు ఆదివారం పొద్దున ఒక గంట. పదిహేను మార్కులంటే గణితం కన్నా ఎక్కువ. అలాంటిదాన్ని చాలామంది "ఆఁ, అదేముంది" అని పుస్తకమే తెరవరు. డిసెంబరు, జనవరి పూర్తిగా పాత ప్రశ్నపత్రాలకు. గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా మూడు గంటలు.

పుస్తకాలు బండెడు కొనవద్దు. డిస్క్రీట్‌కు రోజెన్, సి భాషకు ఆ భాషను పుట్టించిన రిచీ, ఆయన సహచరుడు కెర్నిఘన్ 1978లో వెలువరించిన చిన్న పుస్తకం, ఆల్గారిథమ్స్‌కు కార్మెన్ తదితరులది, డిజిటల్‌కు మోరిస్ మానో, ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు సిల్బర్‌షాట్స్, డేటాబేసులకు సిల్బర్‌షాట్స్, కోర్త్, సుదర్శన్ ముగ్గురిదీ, నెట్‌వర్కులకు కురోస్, రాస్‌లది. ఇవి కాలేజీ లైబ్రరీల్లో సామాన్యంగా దొరికేవే. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్. వారివి ఇంట్లో కూర్చునే ఉచితంగా చూడవచ్చు. మా అమ్మాయి డబ్బు పోసి కోచింగుకు పోలేదు. పోయినా తప్పు లేదు గానీ, అక్కడ వినడం అయిపోతే చదవడం అయిపోయిందనుకోవడం తప్పు.

ఇక మా ఇంట్లో జరిగిన చిత్రం చెప్పాలి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అమ్మాయి ఆ రోజు చదివింది తెలుగులో నాకు చెప్పాలని నియమం పెట్టాను. మొదట్లో గింజుకుంది.

"మావయ్యా, ఇంగ్లీషులో అయితే చెప్పగలను. తెలుగులో రాదు."

"డెడ్‌లాకు అన్న మాట డెడ్‌లాకు అనే చెప్పు. దాని అర్థం మాత్రం ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పు" అన్నాను.

పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. కనుక పేర్లన్నీ ఇంగ్లీషులోనే నేర్చుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యం కంఠతా వచ్చినంత మాత్రాన విషయం వచ్చినట్టు కాదు. ఆ వాక్యం చాటున తెలియనితనం దాక్కుంటుంది. ఇంటి భాషలో చెప్పబోతే దాక్కోవడానికి చోటు దొరకదు. ఎక్కడ నత్తి వచ్చిందో అక్కడ అర్థం కాలేదన్నమాట. ఆ పేజీకి తిరిగి వెళ్ళేది.

ఒకనాడు డెడ్‌లాకు గురించి చెబుతోంది. మా అమ్మ, అంటే దాని అమ్మమ్మ, అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తూ వింటోంది. ఆమెకు ఎనభై ఏడేళ్ళు.

"అంటే ఏమిటే? ఒకత్తి చేతిలో కుండ, ఇంకొకత్తి చేతిలో కవ్వం. కుండ గలది కవ్వం కోసం, కవ్వం గలది కుండ కోసం కూర్చుంటాయి. మజ్జిగ తెల్లారినా అవదు. అంతేనా?"

"అంతే అమ్మమ్మా!"

"మరి దానికేం? ఎవరైనా సరే ముందు కుండ పట్టుకున్నాకే కవ్వం ముట్టుకోవాలని పెట్టండి. కుండ దొరకనిది కవ్వం జోలికి రాదు. తగువు తీరిపోతుంది."

అమ్మాయి నోరు తెరుచుకుని నా వైపు చూసింది. వస్తువులకు ఒక వరస పెట్టి, అందరూ ఆ వరసలోనే తీసుకోవాలని నియమించడం డెడ్‌లాకు రాకుండా చేసే పద్ధతుల్లో ఒకటి. పుస్తకంలో ఉన్నదే. ఉమ్మడి కాపురం చేసిన ఆవిడకు పుస్తకం లేకుండానే తెలిసింది.

అప్పటి నుంచి ప్రతి పాఠానికీ ఇంట్లో ఒక పోలిక వెదికేవాళ్ళం. క్యాష్ మెమరీ అంటే పోపుల డబ్బా. చేతికందే చోట ఉంటుంది, కొంచెమే పడుతుంది. అందులో లేనిది కొట్టుగదిలోంచి తేవాలి. పోలికతో ఆగిపోతే మార్కులు రావు, లెక్క కూడా చెయ్యాలి. డబ్బాలో చూడడానికి 10 నానోసెకన్లు, లేకపోతే కొట్టుగదికి మరో 100 అనుకోండి. పదింట తొమ్మిదిసార్లు డబ్బాలోనే దొరికితే సగటు సమయం ఎంత? తొమ్మిదిసార్లు పదేసి చొప్పున 90, ఒకసారి 110, మొత్తం 200. పదితో భాగిస్తే 20 నానోసెకన్లు. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో నేర్చుకున్న ఈ లెక్కే ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో పేజీల దగ్గర వేషం మార్చుకుని మళ్ళీ వస్తుంది.

ఇంకొకటి నా సొంతం. టెలిఫోన్ డైరెక్టరీ. వెయ్యి పేర్లు అక్షర క్రమంలో ఉంటే, మధ్యకు తెరిచి అటో ఇటో తేల్చుకుంటూ పోతే పదిసార్లలో పేరు పట్టుకోవచ్చు. పది లక్షల పేర్లున్నా ఇరవైసార్లు చాలు. డైరెక్టరీ వెయ్యింతలు పెరిగితే పని రెట్టింపే అయింది. ఆల్గారిథమ్స్ సబ్జెక్టు ఎందుకు చదవాలో ఈ ఒక్క ముక్కలో ఉంది.

ఇప్పుడు నోటు పుస్తకం సంగతి. రెండు వందల పేజీల పుస్తకం. ప్రతి పేజీకి నాలుగు గళ్ళు. ఏ ఏటి ప్రశ్న, ఏ సబ్జెక్టు, ఎందుకు తప్పింది, సరైన దారి ఏది. మూడో గడిలో మూడే మాటలు వాడాలి: "తెలియక", "తొందరపడి", "గుడ్డిగా". మూడు నెలలు పోయాక లెక్క చూస్తే "తొందరపడి" అన్నవే ఎక్కువ తేలాయి. తెలియనివాటికి చదవాలి. తొందరకు చదువు మందు కాదు. ప్రశ్న చివరి వాక్యం రెండుసార్లు చదవాలి, అంతే. "సరికానిది ఏది" అని అడిగితే సరైనదాన్ని గుర్తించి వచ్చిన సందర్భాలు ఆ పుస్తకంలో పదకొండు ఉన్నాయి!

"గుడ్డిగా" అన్నదాని మీద ఒకరోజు మా ఇద్దరికీ వాదం వచ్చింది. తెలియకపోతే ఏదో ఒకటి గుర్తించడం లాభమా, నష్టమా? సిలబసులోని ప్రాబబిలిటీతోనే తేల్చాం. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే, నాలుగుసార్లలో ఒకసారి ఒక మార్కు వస్తుంది, మూడుసార్లు మూడో వంతు చొప్పున ఒక మార్కు పోతుంది. లాభమూ లేదు, నష్టమూ లేదు. సగటున సున్న. కానీ ఒక జవాబు కచ్చితంగా కాదని తీసెయ్యగలిగితే, మూడుసార్లలో ఒక మార్కు వచ్చి మూడింట రెండు వంతులు పోతాయి. కొద్దిగా లాభమే. కనుక ఏమీ తెలియనిదాన్ని ముట్టుకుని సమయం పోగొట్టుకోవద్దు, ఒకటి రెండు జవాబులు కొట్టెయ్యగలిగితే వదలవద్దు. కోత లేని ప్రశ్నలను మాత్రం ఖాళీగా విడిచి రావద్దు.

తల్లిదండ్రులకు ఒక మాట. సబ్జెక్టులు పది అన్నాను. పదకొండోది ఇల్లు. పిల్ల చదువుకుంటోందంటే ఇంట్లో ఊరికే ఉంది అనుకునే అలవాటు మనకుంది. గ్యాసు బండ వచ్చినా దానినే పిలుస్తాం, చుట్టాలొచ్చినా దానినే పిలుస్తాం. మగపిల్లవాడైతే తలుపు వేసి "చదువుకుంటున్నాడు, మాట్లాడకండి" అంటాం. రెండో ఏడు మా చెల్లెలు పొద్దున మూడు గంటలు, రాత్రి రెండు గంటలు అమ్మాయిని ఎవరూ పిలవకూడదని కట్టడి చేసింది. ఆ ఏడు సంక్రాంతికి అరిసెల పాకం మా బావ పట్టాడు. అరిసెలు గట్టిపడ్డాయి. అయినా అందరం తిన్నాం.

ఇంకో రెండు సంగతులు. బి.టెక్. మూడో సంవత్సరంలో ఉన్నవాళ్ళు కూడా 2021 నుంచి గేట్ రాయవచ్చు. కనుక మొదటిసారి అప్పుడే రాసి చూస్తే తరువాత కంగారు తగ్గుతుంది. 2024 నుంచి డేటా సైన్స్ - కృత్రిమ మేధకు వేరే పేపరు వచ్చింది. అందులోనూ ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగు, డేటాబేసులు ఉంటాయి గనుక ఈ చదువు దానికీ చాలావరకు ఉపకరిస్తుంది. ఏ ఏడు దరఖాస్తు చేసినా ఆ ఏటి నియమాల పుస్తకం మీరే స్వయంగా చదవండి. నాలాంటి మావయ్య చెప్పాడని నమ్మి ఊరుకోవద్దు.

మేము తెలుగునాడుకు బయట ఉన్నాం, మా పిల్లలకు ఇవన్నీ అందుతాయా అని యానాం తాతగారు బెంగపడ్డారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు మద్రాసు వెళ్ళి గిండీ కాలేజీలో 1958లో ఇంజనీరింగు పట్టా తీసుకున్నారు. అదీ సివిల్ ఇంజనీరింగు! కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 1994లో ఆయనకు వచ్చింది. ఊరు ఏదైనా, మొదటి పట్టా ఏదైనా, దారి మూసుకుపోదు తాతగారూ.

రెండోసారి ఫలితం వచ్చిన రోజు మా అమ్మాయి ముందు వాళ్ళ నాన్న దుకాణానికి ఫోను చేసింది. ఐ.ఐ.టి. రాలేదు. ఒక మంచి ఎన్.ఐ.టి.లో కంప్యూటర్ సైన్సు ఎం.టెక్. సీటు వచ్చింది. బావ సాయంత్రం మా ఇంటికి మిఠాయి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. నాతో ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఈసారీ మీరు చెప్పినట్టే చదివింది కదా బావగారూ" అన్నాడు. మాట అదే. నాకు మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

హాస్టలుకు వెళ్ళే ముందు ఆ నోటు పుస్తకం మన సంఘం చదువరుల గదిలో పెట్టమని నాకు ఇచ్చింది. కావలసిన పిల్లలు వచ్చి చూసుకోవచ్చు. ఇతర ఊళ్ళ వారు ఉత్తరం రాస్తే ముఖ్యమైన పేజీలు నకలు తీయించి పంపుతాను. మొదటి పేజీలో, ఇంట్లో మాత్రమే నేర్చుకున్న వంకర టింకర తెలుగు అక్షరాలతో ఒక వాక్యం రాసింది:

"మావయ్య చెప్పింది వినండి. కానీ పాత పేపరు చూసి వినండి."

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. ఉత్తరాలు రాస్తూ ఉండండి.